రెండో ఫిషింగ్ రాడ్ కొంటున్నారా? బాస్ కోసం సరైన సెటప్ ఎంచుకోవడం ఎలా

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్యలో ఈ గాలాల గోల ఏంటి అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. సెకనుకి 1000 సార్లు స్పీడ్ చెక్ చేసుకుంటూ, బ్యాటరీ లేకుండా నడిచే మైక్రోప్రాసెసర్ ఉన్న గ్యాడ్జెట్ గురించి కూడా ఈ ఆర్టికల్‌లో ఉంది. అది ఫిషింగ్ రీల్. అమెరికాలో, ముఖ్యంగా డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుర్రాళ్లలో వీకెండ్ అయితే లేక్ దగ్గర తేలేవాళ్లు బాగానే ఉన్నారు. వాళ్లలో చాలామంది మొదటి రాడ్ ఏదో ఒకటి కొనేస్తారు. అసలు కన్ఫ్యూజన్ రెండోదానితో మొదలవుతుంది. నాకూ అంతే.

మొదటి సెటప్ దాదాపు అందరిదీ ఒకటే. సూపర్‌మార్కెట్ స్పోర్ట్స్ సెక్షన్‌లో 40, 50 డాలర్లకి వచ్చే స్పిన్నింగ్ కాంబో. ఆరున్నర అడుగుల మీడియం పవర్ రాడ్, కింద వేలాడే స్పిన్నింగ్ రీల్, దానికి ముందే చుట్టి ఇచ్చిన 8 పౌండ్ల నైలాన్ లైన్. తక్కువ అంచనా వేయకండి, అది మంచి సెటప్పే. చిన్న లూర్లు విసరొచ్చు, చిక్కులు తక్కువ, నేర్చుకోవడం తేలిక. ఒక సీజన్ మొత్తం దాంతో హాయిగా గడిచిపోతుంది. ఏదో ఒక రోజు అది చేతులెత్తేస్తుంది చూడండి, ఆ రోజే రెండో సెటప్ గురించి ఆలోచించాల్సింది.

నాకు ఆ రోజు డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న లేక్ రే రాబర్ట్స్‌లో వచ్చింది. అది డ్యామ్ కట్టి నింపిన లేక్. నీళ్లలో మునిగిపోయిన చెట్లు చాలాచోట్ల అలాగే నిలబడి ఉంటాయి. బాస్‌కి అవే ఇళ్లు. ఆ చెట్ల మధ్యలోకి టెక్సస్ రిగ్ వేశాను. టెక్సస్ రిగ్ అంటే ముందు బుల్లెట్ ఆకారం బరువు, వెనక మెత్తటి ప్లాస్టిక్ పురుగు, కొక్కెం మొన ఆ ప్లాస్టిక్ లోపలే దాక్కుని ఉంటుంది. అందుకే కొమ్మలకి అంత తేలిగ్గా తగులుకోదు. కానీ చేప పట్టాక ఆ మొన ముందు ప్లాస్టిక్‌ని చీల్చుకుని, తర్వాత చేప దవడలోకి దిగాలి. టక్‌మని తగిలింది. లాగాను. రాడ్ సగం దాకా వంగింది, నైలాన్ లైన్ రబ్బరులా సాగింది, కొక్కెం దిగలేదు. రెండోసారి తగిలినప్పుడు ఎలాగో దిగింది. కానీ చేపని కొమ్మలకి దూరంగా తిప్పే బలం రాడ్‌కి లేదు. అది నేరుగా వెళ్లి ఓ చెట్టు చుట్టూ తిరిగింది. లైన్ తెగింది.

చేప పోయినందుకు బాధ సరే. నోట్లో కొక్కెం, వెనక నాలుగడుగుల లైన్ వేలాడుతూ వెళ్లిపోయింది, అదీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆ లైన్ ఏ కొమ్మకో చిక్కుకుంటే చేప అక్కడే కట్టేసినట్టు ఉండిపోతుంది. మేం పట్టి వదిలేసేవాళ్లం, అంటే చేప బతకాలనే కదా. పనికి సరిపోని సామాను వాడితే ఆ మాటకి అర్థమే ఉండదు.

స్పెక్ షీట్ చదవడం నేర్చుకుందాం

రాడ్ హ్యాండిల్ పైన చిన్న అక్షరాలతో నాలుగు విషయాలు ముద్రించి ఉంటాయి: పొడవు, పవర్, లూర్ బరువు, లైన్ బలం. చాలావాటి మీద యాక్షన్ కూడా ఉంటుంది. ఇందులో పవర్, యాక్షన్ అనే రెండింటినీ జనం కలిపేస్తుంటారు.

పవర్ అంటే రాడ్‌ని వంచడానికి ఎంత బలం కావాలి అనేది. అల్ట్రా లైట్ నుంచి లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ దాకా వెళ్తుంది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుంది అనేది. ఫాస్ట్ అంటే పైభాగమే వంగి, కింద మొత్తం గట్టిగా ఉంటుంది. మోడరేట్ అంటే దాదాపు సగం దాకా వంగుతుంది. కాబట్టి మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ అంటే చివర కొంచెం వంగి వెంటనే అసలు బలం అందుకునే రాడ్. పెద్ద ఒంటి కొక్కేన్ని దవడలోకి దించాలంటే కావాల్సింది ఇదే.

మరి మోడరేట్ ఎందుకు? క్రాంక్‌బెయిట్ లాంటి లూర్లకి సన్నటి మూడు మొనల కొక్కేలు ఉంటాయి. అవి తేలిగ్గా గుచ్చుకుంటాయి, తేలిగ్గానే ఊడిపోతాయి కూడా. చేప తల విదిలించినప్పుడల్లా రాడ్ కొంచెం మెత్తగా వంగుతూ ఉంటేనే అవి నిలుస్తాయి. అక్కడ గట్టి రాడ్ వాడితే మనమే కొక్కేన్ని పీకేసినట్టు అవుతుంది.

లూర్ బరువు రేంజ్‌ని మాత్రం సీరియస్‌గా తీసుకోండి. 1/4 నుంచి 3/4 ఔన్సు అని ఉంటే, 7 గ్రాముల నుంచి 21 గ్రాముల దాకా అన్నమాట. నిజంగా ఆ రాడ్ హాయిగా పనిచేసేది ఆ రేంజ్ మధ్యలో. 2 గ్రాముల జిగ్ కడితే రాడ్ వంగదు. వంగకపోతే విసిరే శక్తి రాదు. నా మొదటి రాడ్ 1/8 నుంచి 1/2 ఔన్సు. ఇప్పుడు ఆలోచించండి, రెండోది ఏ రేంజ్‌లో ఉండాలి? మొదటిది ఆగిపోయే చోట మొదలవ్వాలి. కొంచెం ఓవర్‌లాప్ ఉండొచ్చు, మొత్తం ఓవర్‌లాప్ అయితే డబ్బు దండగ.

ఈ తప్పు నేను చేయబోయాను. ఆఫర్‌లో ఓ అందమైన స్పిన్నింగ్ కాంబో కనిపించింది. మొదటిదానికన్నా తేలిక, రంగు బాగుంది, 30 శాతం తగ్గింపు. కార్ట్‌లో పెట్టేశాను కూడా. పక్కనే ఉన్న రూమ్మేట్ చూసి, "మామా, ఇది నీ పాత ఫోన్‌కే కొత్త కవర్ కదా" అన్నాడు. నిజమే. లూర్ రేంజ్ అక్షరాలా అదే. తీసేశాను.

స్పిన్నింగా, బెయిట్‌కాస్టరా?

స్పిన్నింగ్ రీల్‌లో విసిరేటప్పుడు స్పూల్ తిరగదు. లైన్ దాని అంచు మీదుగా రింగులు రింగులుగా జారిపోతుంది. తిరిగేది ఏమీ లేదు కాబట్టి చిక్కులు తక్కువ, 2, 3 గ్రాముల లూర్ కూడా వెళ్తుంది. కానీ లావు లైన్ పెడితే ఆ రింగులు మొదటి గైడ్ దగ్గర గుద్దుకుని దూరం తగ్గుతుంది, లైన్ మెలికలు పడుతుంది.

బెయిట్‌కాస్టర్‌లో స్పూలే తిరుగుతుంది. లైన్ తిన్నగా వస్తుంది. 15, 20 పౌండ్ల లైన్‌ని కూడా ఇబ్బంది లేకుండా విసరొచ్చు, స్పూల్ మీద బొటనవేలు ఉంచి లూర్‌ని ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆపొచ్చు. చెట్ల మధ్య రెండడుగుల ఖాళీలో పడేయాలంటే ఆ కంట్రోల్ కావాలి. అందుకే స్పిన్నింగ్‌తో మొదలుపెట్టినవాళ్లకి నా సలహా, రెండోది బెయిట్‌కాస్టర్.

దీని సమస్యకి ఒక పేరుంది: బ్యాక్‌లాష్. మన బ్రాంచ్‌వాళ్లకి తేలిగ్గా చెప్తాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్ట్‌లో ప్రొడ్యూసర్, కన్స్యూమర్ ప్రాబ్లం గుర్తుందా? ఇక్కడ స్పూల్ ప్రొడ్యూసర్, లైన్ వదులుతూ ఉంటుంది. ఎగురుతున్న లూర్ కన్స్యూమర్, లైన్ లాక్కుంటూ ఉంటుంది. విసిరిన క్షణంలో రెండూ ఒకే స్పీడ్. కానీ గాలి తగిలి లూర్ నెమ్మదిస్తుంది. స్పూల్ బరువైనది, దాని ఇనర్షియా దానిది, అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. వదిలిన లైన్‌ని తీసుకునేవాడు లేడు. అదంతా రీల్ లోపలే పోగుపడి పిచ్చుక గూడు తయారవుతుంది. మొదటి రోజు నేను ఫిషింగ్ చేసినదానికన్నా గూళ్లు విప్పినదే ఎక్కువ.

దీన్ని ఆపడానికే బ్రేకులు. మూడు రకాలు చూద్దాం, ఎందుకంటే ఇక్కడే ఇంజినీరింగ్ సరదాగా ఉంటుంది.

సెంట్రిఫ్యూగల్ బ్రేక్‌లో స్పూల్ పక్కన చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. స్పూల్ తిరిగితే అవి బయటకి జరిగి ఓ రింగుకి రాసుకుంటాయి. ఆ ఒత్తిడి స్పీడ్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. అంటే మొదట్లో స్పీడ్ బాగా ఉన్నప్పుడు గట్టిగా పట్టి, స్పీడ్ సగమైతే పట్టు నాలుగో వంతుకి పడిపోతుంది. చివర్లో స్పూల్ దాదాపు ఫ్రీ. దూరం బాగా వెళ్తుంది, కానీ చివర్లో మీ బొటనవేలే దిక్కు.

మ్యాగ్నెటిక్ బ్రేక్‌లో అయస్కాంతాలు, అల్యూమినియం స్పూల్. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఎడ్డీ కరెంట్లు ఇక్కడ డ్యూటీ చేస్తాయి. పట్టు స్పీడ్‌కి నేరుగా అనుపాతంలో ఉంటుంది, కాబట్టి చివరి దాకా కొంత బ్రేక్ మిగిలే ఉంటుంది. బయట ఉన్న డయల్ తిప్పితే చాలు, మూత తీయక్కర్లేదు. నేర్చుకునేవాళ్లకి ఇది దయగల బ్రేక్ అని నా అభిప్రాయం.

మూడోది డిజిటల్ బ్రేక్, మొదట్లో చెప్పిన మైక్రోప్రాసెసర్ ఇదే. షిమానో కంపెనీ డీసీ అని పిలుస్తుంది, డిజిటల్ కంట్రోల్ అని అర్థం. స్పూల్ తిరిగినప్పుడు పుట్టే కరెంటుతోనే చిప్ నడుస్తుంది, అందుకే బ్యాటరీ, చార్జింగ్ ఏమీ ఉండవు. స్పూల్ స్పీడ్‌ని సెకనులో వెయ్యో వంతుకోసారి చూసుకుంటూ ఎంత బ్రేక్ వేయాలో నిర్ణయిస్తుంది. విసిరినప్పుడు కీచుమని ఒక ఈల శబ్దం వస్తుంది, చిన్న డ్రోన్ లేచినట్టు. ఎస్‌ఎల్‌ఎక్స్ డీసీ, క్యూరాడో డీసీ లాంటి మోడల్స్‌లో నాలుగు మోడ్‌ల డయల్ ఉంటుంది, మీ లైన్ రకం, గాలి బట్టి ఎంచుకోవాలి. ధర మాత్రం సుమారు 200 డాలర్లు, అంతకు పైనే.

ఫ్రెండ్ దగ్గర ఒకటి తీసుకుని రెండు వీకెండ్‌లు వాడాను. ఎదురుగాలిలో కూడా బ్యాక్‌లాష్‌లు బాగా తగ్గాయి, ఇది ఒప్పుకోవాలి. కానీ లూర్ నీళ్లని తాకే క్షణంలో స్పూల్‌ని ఆపాల్సింది ఇప్పటికీ బొటనవేలే. పట్టించుకోకుండా వదిలేస్తే అప్పుడూ గూడు తయారవుతుంది. పైగా తిరిగి మామూలు రీల్ పట్టుకున్నాక నా చేయి ఏమీ నేర్చుకోలేదని అర్థమైంది. క్యాలిక్యులేటర్‌తో ఎక్కాలు నేర్చుకున్నట్టే. గ్యాడ్జెట్‌గా మనసు దోచుకుంటుంది, కానీ మొత్తం బడ్జెట్ 150, 200 డాలర్లు అయితే ఆ డబ్బంతా చిప్‌కి పోసి చౌక రాడ్ కట్టడం నాకు నచ్చలేదు. టెక్సస్ రిగ్‌లో చేప పట్టిన సంగతి మనకి తెలిసేది రాడ్ ద్వారానే. అందుకే 80 డాలర్ల మ్యాగ్నెటిక్ బ్రేక్ రీల్, 90 డాలర్ల రాడ్ తీసుకున్నాను.

గేర్ రేషియో, బేరింగులు, ఇంకా మెగాపిక్సెల్ టైపు అంకెలు

7.2:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ 7.2 చుట్లు తిరుగుతుంది. నిండుగా లైన్ ఉన్న స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లు అనుకోండి. చుట్టుకొలత సుమారు 107 మిల్లీమీటర్లు. 7.2తో గుణిస్తే 769. అంటే ఒక్క చుట్టుకి దాదాపు 30 అంగుళాల లైన్ లోపలికి వస్తుంది. సగం లైన్ బయట ఉన్నప్పుడు వ్యాసం తగ్గుతుంది కాబట్టి ఈ అంకె కూడా తగ్గుతుంది. రెండు రీళ్లని పోల్చేటప్పుడు రేషియో కన్నా ఈ అంగుళాల లెక్కే చూడండి. టెక్సస్ రిగ్, జిగ్‌లకి 7:1 చుట్టుపక్కల బాగుంటుంది, ఎందుకంటే లూర్‌ని కదిపేది రాడ్, రీల్ పని వదులైన లైన్‌ని త్వరగా చుట్టేయడమే. లోతుగా దిగే క్రాంక్‌బెయిట్‌లకి 5:1 దగ్గర తీసుకుంటారు, నీళ్ల ఒత్తిడికి ఎదురు లాగాలి కాబట్టి.

బాల్ బేరింగుల సంఖ్య అచ్చం ఫోన్ కెమెరాల మెగాపిక్సెల్ లాంటిది. బాక్స్ మీద 10 అని పెద్దగా ఉంటుంది. మంచి బేరింగులు 5 ఉన్న రీల్, నాసిరకానివి 10 ఉన్నదానికన్నా స్మూత్‌గా తిరుగుతుంది. మాక్సిమం డ్రాగ్ కూడా అంతే. డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా కొంచెం కొంచెం వదిలే క్లచ్. దాన్ని లైన్ బలంలో నాలుగో వంతుకో మూడో వంతుకో సెట్ చేస్తారు. 15 పౌండ్ల లైన్‌కి 4, 5 పౌండ్లు. ఇక 25 పౌండ్ల డ్రాగ్ ఉందని గొప్పలు చెప్పుకుంటే మనకేంటి?

స్పెక్ షీట్‌లో ఎవరూ చూడని, అందరూ బోల్తాపడే విషయం ఒకటుంది. స్పిన్నింగ్ రీల్ హ్యాండిల్‌ని కుడి నుంచి ఎడమకి మార్చుకోవచ్చు. బెయిట్‌కాస్టర్‌కి కుదరదు. కొనేటప్పుడే ఎడమ చేత్తో తిప్పేదా, కుడి చేత్తో తిప్పేదా అని తేల్చుకోవాలి. స్పిన్నింగ్‌లో ఎడమ చేత్తో తిప్పడం అలవాటైతే ఎడమదే తీసుకోండి. అలాగే బెయిట్‌కాస్టర్ రీల్‌ని పాత స్పిన్నింగ్ రాడ్‌కి బిగించి డబ్బు మిగుల్చుకుందాం అనుకోవద్దు. ఆ రాడ్ రీల్ కింద ఉండేలా చేసింది, మొదటి గైడ్ పెద్దది, చూపుడు వేలు పట్టుకునే ట్రిగర్ ఉండదు. కాస్టింగ్ రాడ్ అని రాసి ఉన్నదే కావాలి.

లైన్ సంగతి

నైలాన్ సాగుతుంది, చౌక. బ్రెయిడ్ దాదాపు సాగదు, 50 పౌండ్ల బ్రెయిడ్ మామూలు 12 పౌండ్ల నైలాన్ అంత లావే ఉంటుంది, కానీ నీళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది, నీటిపై తేలుతుంది. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది. దాని వక్రీభవన గుణకం 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.5 పైన. నీటికి దగ్గరగా ఉంది కాబట్టి నైలాన్ కన్నా తక్కువ కనిపిస్తుంది. పూర్తిగా మాయమైపోతుంది అనేది మార్కెటింగ్ మాట.

నేను చెట్ల మధ్య 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ వాడుతున్నాను. నాచు దట్టంగా ఉంటే బ్రెయిడ్ బెటర్, అది ఆకుల్ని కోసుకుంటూ వస్తుంది. మొదటి నెల మాత్రం రెండూ వద్దు. 12, 14 పౌండ్ల చౌక నైలాన్ చుట్టండి. గూళ్లు పడతాయి, కత్తిరించి పారేస్తారు. ఖరీదైన ఫ్లోరోకార్బన్ మీద ఆ ప్రయోగాలు ఎందుకు?

అందరికీ ఇదే సెటప్పా?

కాదు. మీరున్నది మిచిగాన్ లాంటి చోట, అద్దంలాంటి నీళ్లలో స్మాల్‌మౌత్ బాస్ కోసం వెళ్తున్నారు అనుకుందాం. అక్కడ చెట్లతో కుస్తీ కన్నా చిన్న లూర్‌ని లోతులో సున్నితంగా ఆడించే పని ఎక్కువ. అప్పుడు రెండోది 7 అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్, 10 పౌండ్ల బ్రెయిడ్‌కి చివర కొన్ని అడుగుల ఫ్లోరోకార్బన్. ఇది కూడా స్పిన్నింగే, కానీ చేసే పని వేరు. మీరు ఎక్కువగా వెళ్లే లేక్‌లో మొదటి రాడ్ దేని దగ్గర ఆగిపోతోందో ఓ నెల నోట్స్‌లో రాసుకోండి. బగ్ రిపోర్ట్ లేకుండా ఫిక్స్ రాయం కదా.

ఈ సామాను ఇంటికి తీసుకెళ్తే పనికొస్తుందా అని అడిగేవాళ్లు ఉన్నారు. మన దగ్గర బాస్ లేదు. కానీ తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఉంది, అదీ కలుపు మొక్కల మధ్య పొంచి ఉండి పైన కదిలే కప్పని మింగే రకమే. దానికి కప్ప ఆకారం లూర్, 50 పౌండ్ల బ్రెయిడ్, మీడియం హెవీ లేదా హెవీ బెయిట్‌కాస్టింగ్ రాడ్ చక్కగా సరిపోతాయి. అయితే మన చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘాలది. అడక్కుండా గాలం వేయకండి. టెక్సస్‌లో కూడా 17 ఏళ్లు దాటినవాళ్లకి, పట్టి వదిలేసినా సరే, లైసెన్స్ తప్పనిసరి. లార్జ్‌మౌత్‌కి చాలా లేక్స్‌లో కనీస పొడవు 14 అంగుళాలు, లేక్ ఫోర్క్ లాంటి చోట్ల వేరే రూల్స్.

మొదటి రోజు ఏం చేయాలి

లేక్‌కి కాదు, అపార్ట్‌మెంట్ వెనక గడ్డి దగ్గరికి వెళ్లండి. కొక్కెం లేని 3/8 ఔన్సు బరువు కట్టండి. హ్యాండిల్ పక్కన ఉండే స్పూల్ టెన్షన్ నాబ్ బిగించి, బటన్ నొక్కితే బరువు నెమ్మదిగా దిగాలి, నేలని తాకగానే స్పూల్ ఆగిపోవాలి. అంతవరకు సర్దుకోండి. లూర్ మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. బ్రేక్ డయల్ మాక్సిమంలో పెట్టండి. మణికట్టుతో గట్టిగా విదిలించకుండా, రాడ్ బరువుతోనే నింపాదిగా విసరండి. బొటనవేలు స్పూల్‌ని తాకీ తాకనట్టు ఉండాలి. పది పదిహేను విసుర్లు శుభ్రంగా వెళ్తే బ్రేక్ ఒక పాయింట్ తగ్గించండి. నాకు మూడు సాయంత్రాలు పట్టింది. పక్క ఫ్లాట్ ఆంటీ బాల్కనీలోంచి చూసి, "ఏం పట్టావు బాబూ?" అని అడిగేది.

ఆ చెట్ల దగ్గరికి మళ్లీ వెళ్లాను. కొత్త రాడ్‌తో మొదటి చేప 13 అంగుళాలు. కొక్కెం మొదటి లాగుకే దిగింది, కొమ్మల వైపు తిరగబోతే తిప్పేశాను, అర నిమిషంలో చేతిలో ఉంది. లైన్ తెగలేదు. కొక్కెం తీసి వదిలేశాను, ఎలాగూ 14కి ఒక అంగుళం తక్కువ.

ఒక చిట్కా మిగిలింది. లైన్ చుట్టాక ఓ పెద్ద విసురుకి సరిపడా, దానిపైన ఇంకో పది గజాలు బయటకి లాగి, స్పూల్ మీద మిగిలిన లైన్‌పై ఒక చుట్టు ఎలక్ట్రికల్ టేప్ అంటించి మళ్లీ చుట్టేయండి. ఎంత ఘోరమైన గూడు పడినా ఆ టేప్ దాటి లోపలికి వెళ్లదు. కొంచెం అలవాటయ్యాక టేప్ పీకేయొచ్చు.